చేయి వేయని వాడికి కూడా యావజ్జీవం ఎలా పడుతుంది? హత్య అప్పీలులో కుట్ర, ఉమ్మడి ఉద్దేశం గురించి

పరకాల దగ్గరి ఊరి నుంచి ఒక అమ్మాయి తన తమ్ముడి గురించి అడిగింది. క్లుప్తంగా సంగతి ఇది. 2022లో పొలం గెట్టు తగాదాలో ఒకతన్ని ఊరి బయట గొడ్డళ్లతో నరికి చంపారు. నలుగురి మీద కేసు పెట్టారు. ఏ1, ఏ2 (మొదటి, రెండో ముద్దాయిలు) అన్నదమ్ములు, గెట్టు పంచాయితీ వాళ్లది. ఏ3 వాళ్ల చుట్టం. ఏ4 ఈమె తమ్ముడు, ఏ1కు చిన్ననాటి దోస్తు. ఆ సాయంత్రం ఏ1 ఇతని బండి తీసుకుపోయాడు. హత్యకు ముందు ఇద్దరి మధ్య ఫోన్లు నడిచాయి. చంపిన చోట తమ్ముడు ఉన్నాడని ఒక్క సాక్షి కూడా చెప్పలేదు. హన్మకొండ సెషన్స్ కోర్టు ఏ3ని వదిలేసి, మిగిలిన ముగ్గురికీ 302 (హత్య), 120బి (కుట్ర), 34 (ఉమ్మడి ఉద్దేశం) సెక్షన్ల కింద యావజ్జీవం వేసింది. "చేయి కూడ వెయ్యనోడికి గింత శిక్ష ఎట్ల పడ్తది సార్, హైకోర్టుల ఏమన్న అయితదా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా, మీకు నచ్చని మాట ముందే చెప్తాను. "మావోడు చేయి వెయ్యలేదు" అనే వాదన ఒక్కటే పట్టుకుని హైకోర్టుకు పోతే అప్పీలు నిలబడదు. ఇండియన్ పీనల్ కోడ్‌లో 34వ సెక్షన్ ఉన్నదే చేయి వేయని వాడి కోసం. ఇద్దరు ముగ్గురు ఒకే ఉద్దేశంతో కలిసి నేరం చేస్తే, అందులో ఎవరి వాటా ఎంతైనా, మొత్తం పని తానొక్కడే చేసినట్టు ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవాలి. ఇది వందేళ్ల కింద తేలిపోయిన విషయం. బెంగాల్‌లో ఒక పోస్టాఫీసు మీద పడి పోస్టుమాస్టరును కాల్చి చంపిన కేసులో బారేంద్ర కుమార్ ఘోష్ అనే ముద్దాయి, నేను బయట వాకిట్లో నిలబడ్డాను తప్ప కాల్చలేదన్నాడు. 1925లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో అన్నిటికన్నా పై అప్పీలు కోర్టు) ఆ వాదన ఒప్పుకోలేదు. కాపలా నిలబడ్డవాడు కూడా ఆ పనిలో తన వంతు చేసినట్టేనంది.

120బి ఇంకా ముందుకు పోతుంది. అక్కడ నేరం ఒప్పందంలోనే ఉంది. ఇద్దరు కూర్చుని ఫలానా మనిషిని చంపుదామని ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోవడమే కుట్ర. ఆ తర్వాత హత్య జరిగితే, జరిగిన చోట లేని వాడికి కూడా హత్యకు పడే శిక్షే పడుతుంది. గుంపుగా చేసిన నేరానికి వాడే 149వ సెక్షన్ సంగతి కూడా ఊళ్లలో చెప్తుంటారు గానీ దానికి కనీసం అయిదుగురుండాలి, మీ కేసులో నలుగురే కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చి హత్య 103 అయింది, కుట్ర 61 అయింది, ఉమ్మడి ఉద్దేశం 3(5) అయింది. మీ కేసు సంఘటన 2022 నాటిది కాబట్టి పాత సెక్షన్లే నడుస్తాయి. నంబర్లు మారినా లోపలి సరుకు మారలేదు.

మరి మీ తమ్ముడికి దారి ఎక్కడుంది? తెలిసి ఉండటానికీ ఒప్పుకుని కలవడానికీ మధ్య ఉన్న తేడాలో ఉంది. నా లెక్కలో మీ అప్పీలంతా ఈ ఒక్క చోటే నిలబడాలి.

దోస్తు మనసులో పగ ఉందని తెలియడం ఒకటి. వాడు ఈ రోజు ఏదో చేస్తాడని అనుమానించడం ఇంకొకటి. చంపే పనిలో నేనూ ఉన్నానని తలూపడం వేరే సంగతి. మొదటి రెండూ ఎంత తప్పనిపించినా అవి కుట్ర కావు. రాజీవ్ గాంధీ హత్య కేసులో కింది కోర్టు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999లో సుప్రీంకోర్టు ఆ 26 మందిలో ఒక్కొక్కరిని విడిగా నిలబెట్టి, ఇతనికి హత్య సంగతి ముందు తెలుసా, తెలిసి అందులో చేరాడా అని చూసింది. నలుగురికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం నిలిచాయి. మిగిలిన 19 మంది హత్య, కుట్ర నేరాల నుంచి బయటపడ్డారు. వాళ్లలో హంతకులకు ఆశ్రయమిచ్చిన వాళ్లున్నారు, వాళ్లతో తిరిగిన వాళ్లున్నారు. ఆ పనులకు వేరే చిన్న శిక్షలు పడ్డాయి, హత్య మాత్రం వాళ్ల నెత్తిన వేయలేదు. ఇందిరా గాంధీ హత్య కేసులో కూడా 1988లో సుప్రీంకోర్టు కేహర్ సింగ్ కుట్రను నిలబెట్టి, అదే కుట్ర కింద కింది కోర్టుల్లో ఉరి పడిన బల్బీర్ సింగ్‌ను వదిలేసింది. దేశాన్ని కుదిపేసిన కేసుల్లోనే మనిషిని మనిషిగా విడదీసి చూశారంటే, పరకాల పక్కన గెట్టు తగాదా కేసులో ఎందుకు చూడకూడదు? చూడమని మీ వకీలు గట్టిగా అడగాలి.

దీనికి మొదటి పని చెప్తాను, ఇది మీరే చేయొచ్చు. జడ్జిమెంట్ కాపీ, ఒక పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. "ఏ1 నుంచి ఏ4", "ముద్దాయిలందరూ", "ముద్దాయిలు పథకం ప్రకారం" అని ఉన్న ప్రతి వాక్యం పక్కన ఒక గీత పెట్టండి. తర్వాత మీ తమ్ముడు ఒక్కడి పేరు, లేదా ఏ4 అని విడిగా ఉన్న వాక్యాల కింద గీయండి. హత్య కేసుల తీర్పుల్లో ఏ1 గురించి పేజీలకు పేజీలుంటాయి. చివరి ముద్దాయి గురించి విడిగా రాసింది ఒక్కోసారి ఒక పేరా కూడా ఉండదు. మీరు కింద గీసిన ఆ నాలుగైదు వాక్యాలే మీ తమ్ముడి అసలు కేసు. వాటిలో ప్రతి దానికీ ఏ సాక్షి చెప్పాడు, ఏ కాగితం చూపించారు అన్నది పక్కన రాయండి. ఖాళీగా మిగిలిన చోట అప్పీలు మొదలవుతుంది.

మీరు రాసిన దాన్నిబట్టి అతని మీద ఉన్నవి మూడు: ఫోన్లు, బండి, పోలీసుల ముందు ఇచ్చాడంటున్న వాంగ్మూలం.

ఫోన్ల సంగతి నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఈ రోజుల్లో కుట్ర కేసులన్నీ సీడీఆర్ (ఫోన్ కాల్ రికార్డు) మీదే నడుస్తున్నాయి. కాల్ రికార్డు ఏం చెప్తుంది? ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరుకు ఇన్ని గంటలకు ఇన్ని సెకండ్లు కాల్ నడిచిందని చెప్తుంది. ఏం మాట్లాడుకున్నారో చెప్పదు. ఇద్దరూ చిన్ననాటి దోస్తులైతే రోజూ మాట్లాడుకునే ఉంటారు. అందుకని హత్యకు ముందు నెల రోజుల్లో వాళ్ల మధ్య కాల్స్ ఎలా ఉన్నాయన్నది చాలా ముఖ్యం. ఆ రోజు కాల్స్ మిగతా రోజుల్లాగే ఉంటే అందులో కుట్ర ఏముంది? దర్యాప్తు అధికారి ఆ ఒక్క రోజు రికార్డే తెచ్చి, ముందు రోజులవి తేకపోతే, "ఎందుకు తేలేదు?" అని క్రాస్‌లో (మన వకీలు వేసే ఎదురు ప్రశ్నల్లో) అడిగారా చూడండి. అడిగితే అతను ఏం చెప్పాడో ఆ వాక్యం మీకు బంగారం.

సిమ్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. నాయన పేరు మీదో అన్న పేరు మీదో ఉన్న సిమ్ వాడేవాళ్లు మన ఊళ్లలో సగం మంది ఉంటారు. ఆ ఫోన్ వాడింది ఏ4 అని ఎవరైనా సాక్ష్యం చెప్పారా? ఆ రికార్డు ఇచ్చిన ఫోన్ కంపెనీ నోడల్ ఆఫీసర్ కోర్టుకొచ్చాడా? సాక్ష్య చట్టం 65బి కింద సర్టిఫికెట్ ఇచ్చారా? కంప్యూటర్ నుంచి తీసిన రికార్డుకు ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఇక టవర్ లొకేషన్. హైదరాబాద్‌లో టవర్లు పక్కపక్కనే ఉంటాయి. పల్లెల్లో ఒక్క టవర్ కింద ఊరు, పక్క ఊరు, మధ్యలో పొలాలు అన్నీ వస్తాయి. మీ తమ్ముడు ఇంట్లో అన్నం తింటున్నా, హత్య జరిగిన చేను పక్కన ఉన్నా అదే టవర్ చూపించొచ్చు. ఈ మాట నోడల్ ఆఫీసర్ నోటితో చెప్పించారా లేదా అన్నది డిపోజిషన్‌లో (కోర్టులో రాసుకున్న సాక్ష్యంలో) వెతకండి.

అయితే రెండో వైపు కూడా చూడాలి. చనిపోయిన మనిషి కల్లు మండువా నుంచి బయల్దేరిన నిమిషంలో ఏ4 నుంచి ఏ1కు కాల్ పోయిందని, ఆ సమయంలో ఏ4 అక్కడే కూర్చుని ఉన్నాడని సాక్షి ఎవరైనా చెప్పి ఉంటే పరిస్థితి వేరు. 2001లో సురేశ్ కేసులో సుప్రీంకోర్టు, దూరాన ఉండి మొబైల్ ఫోన్‌లో సూచనలిచ్చే వాడు కూడా 34 కింద భాగస్వామి కావచ్చని చెప్పింది. అదే తీర్పులో, హత్య జరుగుతుంటే రోడ్డు మీద నిలబడి ఉందన్న ఒక మహిళ విడుదలను అలాగే ఉంచింది, ఎందుకంటే ఆమె ఆ పనిలో పాలుపంచుకున్నట్టు రుజువు లేదు. మీ తమ్ముడు ఈ ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడతాడో చెప్పేది సాక్షుల మాటలే. ఈ విషయంలో మీ వకీలుకు ఏదీ దాచకండి.

వాంగ్మూలం దగ్గరికి వద్దాం. అరెస్టు రోజు ఇద్దరు పంచుల (పోలీసులు పిలిచిన సాక్షుల) ముందు రాశారంటూ నేరాంగీకార పంచనామా ఒకటి ఉంటుంది. అందులో కథ మొత్తం ఉంటుంది: ఎవరు ఎవరితో ఎప్పుడు కూర్చున్నారు, ఎవరికి ఏ పని అప్పజెప్పారు, ఎవరు ఎక్కడ కాపలా ఉన్నారు. చివర్లో "నా వెంట వస్తే ఫలానాది చూపిస్తాను" అని ఒక వాక్యం ఉంటుంది. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యం కాదు. సాక్ష్య చట్టం 27వ సెక్షన్ కింద, ఆ మాట వల్ల కొత్తగా బయటపడిన వస్తువుకు సంబంధించిన ముక్క ఒక్కటే పనికొస్తుంది. ఈ హద్దు గీసిన తీర్పు మన తెలుగు నేల మీది కేసులోనే వచ్చింది. గుంటూరు జిల్లా నుంచి ప్రివీ కౌన్సిల్ దాకా పోయిన పులుకూరి కోటయ్య కేసు అది. కత్తి ఇక్కడ దాచానన్న మాట తీసుకోవచ్చు, దానితో పొడిచానన్న మాట తీసుకోకూడదు.

సెషన్స్ కోర్టులో పనికొచ్చే ముక్కను మాత్రమే ఎగ్జిబిట్‌గా (సాక్ష్యపు కాగితంగా) మార్కు చేయాలి. కానీ కాగితం మొత్తం ఫైల్లో ఉంటుంది, ఆ కథ చదివిన వాళ్ల మనసులో అది నిలబడిపోతుంది. అందుకే తీర్పులో "ముద్దాయిలు ముందుగా ఫలానా చోట కలిసి పథకం వేసుకున్నారు" అన్న వాక్యం కనిపిస్తే, ఆ విషయం చెప్పిన సాక్షి ఎవరని వెతకండి. సాక్షి ఎవరూ లేకపోతే అది వాంగ్మూలంలోంచే వచ్చింది. నేను చూసిన అప్పీళ్లలో చివరి ముద్దాయిని బయటికి తెచ్చిన దారుల్లో ఇది గట్టిది. ధర్మాసనం ముందు ఆ వాక్యాన్ని, దాని వెనక ఉన్న ఖాళీని చూపిస్తే జడ్జీలు వెంటనే పట్టుకుంటారు.

ఏ1 తన వాంగ్మూలంలో మీ తమ్ముడి పేరు చెప్పాడు కదా అంటారు. అరెస్టయ్యాక ఏ1 పోలీసులకు చెప్పింది ఏ4 మీద పనికిరాదు. కుట్రదారుల్లో ఒకడి మాటను మిగతా వాళ్ల మీద వాడుకోనిచ్చే 10వ సెక్షన్ సాక్ష్య చట్టంలో ఉంది గానీ, అది కుట్ర నడుస్తున్నప్పుడు, ఆ కుట్ర కోసం అన్న మాటలకే. పని అయిపోయి పట్టుబడ్డాక చెప్పిన మాటలు అందులోకి రావని మీర్జా అక్బర్ కేసులో 1940లోనే తేల్చారు.

బండి విషయం చిన్నది. బండి మీ ఇంటి ముందు అందరికీ కనపడేలా నిలబెట్టి ఉంటే, "ఏ4 చెప్పడం వల్ల దొరికింది" అనడానికి ఏముంది? దాని మీద రక్తపు మరకలు ఉన్నాయని ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు ఉందా? ఊళ్లో దోస్తుకు బండి ఇవ్వడం నేరం కాదు, ఎందుకు తీసుకుపోతున్నాడో తెలిసి ఇచ్చాడన్నది రుజువు చేయాల్సిన భారం ప్రాసిక్యూషన్‌దే. హత్య అయ్యాక బండి కడిగాడన్నది వాళ్ల కేసు అయితే, అది సాక్ష్యం మాయం చేయడం, 201వ సెక్షన్ కిందికి వస్తుంది. చంపిన తర్వాత చేసిన సాయం, చంపడానికి ముందు కుదిరిన ఒప్పందానికి తనంతట తాను రుజువు కాదు. కింది కోర్టు ఈ రెండింటినీ కలిపేసిందేమో చూడండి.

మీ కేసులో ప్రత్యక్ష సాక్షి లేడు కాబట్టి పరిస్థితుల సాక్ష్యం మీదే అంతా నడిచింది. 1984లో శరద్ బిర్ధీచంద్ శార్దా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన అయిదు సూత్రాలు మీ వకీలుకు తెలిసే ఉంటాయి. గొలుసులో ప్రతి కడీ విడిగా రుజువవ్వాలి, మొత్తం కలిపి చూస్తే ముద్దాయి నిర్దోషి కావచ్చన్న అవకాశమే మిగలకూడదు. ఏ1 వరకు ఆ గొలుసు పూర్తయి ఉండొచ్చు. ఏ4 వరకు వచ్చిందా అన్నది వేరుగా అడగాలి. అలాగే సాక్ష్యం అంతా అయ్యాక క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313వ సెక్షన్ కింద జడ్జి మీ తమ్ముణ్ణి అడిగిన ప్రశ్నలు చూడండి. ఏ ఆధారం గురించి అతన్ని అడగలేదో, దాన్ని అతనికి వ్యతిరేకంగా వాడకూడదు. వరసగా "అబద్ధం, అబద్ధం" అని జవాబులు ఉన్నా కంగారు పడకండి. అబద్ధపు జవాబు తెగిన గొలుసును అతికించలేదు.

ఏ3 విడుదల మీకు చాలా ముఖ్యం. అతని మీద కూడా ఇలాంటి ఫోన్ కాల్సూ వాంగ్మూలమే ఉండి, అవి చాలవని వదిలేసి ఉంటే, అవే ఆధారాలు ఏ4కు ఎలా చాలాయని అడగొచ్చు. ఒకరు విడుదలైతే కుట్ర మొత్తం కూలిపోతుందని మాత్రం అనుకోవద్దు. కుట్రకు ఇద్దరు చాలు, ఏ1 ఏ2 ఉన్నారు. 120బి చార్జి సరిగా రాయలేదు కాబట్టి కేసే పోతుందని కూడా కొందరు ఆశ పెడుతుంటారు. చార్జిలో లోపం వల్ల ముద్దాయికి నిజంగా అన్యాయం జరిగిందని చూపిస్తే తప్ప అది నిలవదు.

ఇంకో ప్రమాదం ఉంది. "కొడ్తరనుకున్నడు గని సంపుతరనుకోలె" అని వాదిద్దామా అని అడిగారు. చట్టంలో ఆ వాదనకు చోటుంది. 1954లో పాండురంగ్ కేసులో, అది మన పాత హైదరాబాద్ రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే, హైకోర్టులో ఇద్దరు జడ్జీలకు అభిప్రాయం కుదరక మూడో జడ్జి దగ్గరికి పోయింది. సుప్రీంకోర్టులో జస్టిస్ వివియన్ బోస్, కలిసి కొట్టినంత మాత్రాన ఉమ్మడి ఉద్దేశం ఉన్నట్టు కాదు, ముందే మనసులు కలిసి ఉండాలి అని చెప్పి, పాండురంగ్ ఉరిశిక్షను తీసేసి 326 (ఆయుధంతో తీవ్రంగా గాయపరచడం) కింద పదేళ్లకు మార్చారు. కానీ అతను అక్కడ ఉన్నాడన్నది రుజువైన మనిషి. మీ తమ్ముడి తరఫున ఈ మాట ఎత్తితే, ఫోన్ చేసింది పథకంలో భాగమేనని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. పైగా ప్రేరేపించిన పని నుంచి సహజంగా వచ్చే ఫలితానికి కూడా బాధ్యత వహించాలని 111వ సెక్షన్ ఉంది. గొడ్డళ్లు పట్టుకుని కాచుకున్న కేసులో అది ఎటు పోతుందో ఊహించండి. నా సలహా: ప్రధాన వాదన ఒప్పందం లేదనే ఉండాలి. రెండోది ఎత్తాలా వద్దా అన్నది సీనియర్ వకీలు రికార్డంతా చదివాక తేల్చాలి.

ఊళ్లో పెద్దమనుషులను పెట్టి చనిపోయినతని ఇంటివాళ్లతో రాజీ మాట్లాడిద్దామన్నారు. దయచేసి ఆ పని చేయకండి. హత్య కేసు రాజీ పడే కేసు కాదు. వాళ్లు ఒక మనిషిని పోగొట్టుకున్నారు. మీ వైపు నుంచి పైసల మాట పోతే అది బెదిరింపుగా మారి కొత్త కేసవుతుంది. ఏ3 విడుదల మీద అప్పీలు చేసే హక్కు వాళ్లకూ ఉంది, ఆ హక్కును గౌరవించండి.

శిక్ష నిలుపుదల పిటిషన్ అప్పీలుతో పాటే వేయించండి. యావజ్జీవం కేసుల్లో మొదటి విడతలో బెయిల్ రావడం కష్టమే, అయినా ఏ4 పాత్ర తక్కువ అన్న పాయింటు మీద అడగాలి. అప్పీలు విచారణకు రావడానికి ఏళ్లు పట్టొచ్చు. ఉమ్మడి హైకోర్టు 2016లో బచ్చు రంగారావు కేసులో, శిక్ష పడ్డాక అయిదేళ్లు జైల్లో గడిపిన యావజ్జీవ ఖైదీలు అప్పీలు పెండింగ్‌లో ఉంటే బెయిల్ అడగొచ్చని చెప్పింది. దోపిడీ హత్య, లాభం కోసం చేసిన హత్య వంటి వాటికి మినహాయింపులున్నాయి. మీ కేసు వాటిలోకి రాదు.

అప్పీలు గడువు 60 రోజులు, తీర్పు రోజు నుంచి. సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులు అందులోంచి తీసేస్తారు. శిక్ష పడిన వాడికి తీర్పు కాపీ ఒకటి ఉచితంగా ఇవ్వాలి, తమ్ముడి దగ్గర ఉందేమో ములాఖత్‌లో అడగండి. 2021లో వరంగల్ సెంట్రల్ జైలు ఖాళీ చేయించాక మన వైపు ఖైదీల ఇంటివాళ్లకు చర్లపల్లి దాకా తిరగడమే పెద్ద కష్టమైపోయింది. కాబట్టి వకాలత్ కాగితాలు (వకీలును పెట్టుకున్నామని రాసిచ్చేవి) వెంట తీసుకుని పొండి, జైలు అధికారి ముందు సంతకం పెట్టించుకుని ఒక్క ప్రయాణంలో పని తెచ్చుకోండి. వకీలు ఫీజు కోసం ఉన్న ఎకరం అమ్మాలని రాశారు, ముందే అమ్మకండి. జైల్లో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టంలోని 12వ సెక్షన్ కింద ఉంది. అదాలత్ (కోర్టు) దగ్గర జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి పంపే దరఖాస్తు ఇస్తారు. జైలు సూపరింటెండెంట్ ద్వారా కూడా అప్పీలు పంపుకోవచ్చు. వకీలు ఎవరైనా సరే, సాక్షుల డిపోజిషన్లు, 313 స్టేట్‌మెంటు, సీడీఆర్, 65బి సర్టిఫికెట్, పంచనామాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి. మీరు పెన్సిల్‌తో గీసిన తీర్పు కాపీని అందరికన్నా పైన పెట్టండి.